ఇరవై ఒక్క తరాలను తరింపజేసిన బిడ్డ

నల్లమల అడవుల నడుమ, నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో వెలసిన నవనారసింహ క్షేత్రం అహోబిలం. ఎగువ అహోబిలం కొండల్లోని ఉగ్రస్తంభాన్ని దర్శించినవారికి హిరణ్యకశిపుని అంతం గుర్తుకు వస్తుంది. దిగువ అహోబిలంలో కొలువైన స్వామి మాత్రం ప్రహ్లాదవరదుడు. ప్రహ్లాదునికి వరమిచ్చినవాడు అని ఆ నామానికి అర్థం. ఇంతకీ ఆ బాలుడు కోరిన వరమేమిటి?

భాగవతం సప్తమ స్కంధంలో స్వామి వరం కోరుకొమ్మన్నప్పుడు, కోరికలే హృదయంలో మొలకెత్తకుండా అనుగ్రహించమని ప్రహ్లాదుడు వేడుకొన్నాడు. ఆపైన మరొక్కటి అడిగాడు. భగవంతుణ్ణి నిందించి, భక్తుడైన తనను హింసించిన తండ్రి ఆ పాపం నుండి పవిత్రుడు కావాలని ప్రార్థించాడు. విషమిచ్చి, ఏనుగులతో తొక్కించి, కొండల మీద నుంచి తోయించిన తండ్రి కోసం కొడుకు చేసిన ప్రార్థన అది!

నీ తండ్రి ఒక్కడే కాదు, ఇరవై ఒక్క తరాల పితరులు పునీతులయ్యారని స్వామి బదులిచ్చాడు. బ్రహ్మ, మరీచి, కశ్యపుడు, హిరణ్యకశిపుడు అని లెక్కిస్తే ఇరవై ఒక్కరు రారు కదా అన్న సందేహం కలుగుతుంది. పూర్వజన్మల పితరులను కూడా కలుపుకోవాలని వ్యాఖ్యాతలు సమాధానం చెప్పారు. అనంతరం తండ్రికి ఉత్తరక్రియలు జరపమని స్వామియే ప్రహ్లాదుణ్ణి ఆదేశించాడు. సంహరించిన చేతులే ఆ వంశాన్ని ఉద్ధరించాయి.

ఈ కరుణ అప్పటికప్పుడు పుట్టింది కాదు. అసురసంధ్యవేళ గర్భం ధరించిన దితి పశ్చాత్తాపపడినప్పుడు, కొడుకులు లోకకంటకులైనా మనుమడు పరమభాగవతుడు అవుతాడని కశ్యపుడు ముందే పలికాడు. ఆ కొడుకులు వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులే. మునుల శాపంవల్ల అసురజన్మ ఎత్తారు. ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉండగానే నారదుని ఉపదేశం విన్నాడు. చీకటి కమ్మిన ఇంట్లోనే దీపానికి చోటు ముందుగా సిద్ధమైందన్నమాట.

ఆ దీపం తర్వాతి తరాలకూ వెలుగైంది. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు విప్రవేషంలో వచ్చిన దేవతలకు తన ఆయుష్షునే దానం చేశాడు. అతని కుమారుడు బలి వామనునికి సర్వస్వం అర్పించి, స్వామినే తన వాకిట కాపరిగా పొందాడు. బలి కుమారుడు బాణుడు శ్రీకృష్ణునితో యుద్ధానికి దిగాడు. స్వామి అతని వేయి చేతుల్లో నాలుగింటిని మాత్రం మిగిల్చి, ప్రాణాలు తీయలేదు. ప్రహ్లాదుని వంశంలో ఎవరినీ వధించనని ఇచ్చిన మాటే అందుకు కారణం. చివరకు బాణుని కుమార్తె ఉష, శ్రీకృష్ణుని మనుమడు అనిరుద్ధుని చేయి అందుకొంది. హరిని ద్వేషించిన ఇంటి ఆడపడుచు హరి ఇంటికే కోడలైంది.

అహోబిలేశుని బంధుత్వం పురాణంతో ఆగిపోలేదు. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామిని నల్లమల చెంచులు తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి భక్తులను స్వయంగా పిలుస్తాడని ప్రతీతి. ఆయా గ్రామాల వారికి అది ఇంటికి చుట్టం వచ్చిన పండుగ.

మా వంశమే ఇంత, తండ్రి చేసిన పాపం మమ్మల్ని వెంటాడుతోంది అని కుమిలిపోయేవారు నేటికీ ఉన్నారు. తాగుడుకో కోపానికో బానిసైన తండ్రిని క్షమించలేక, ఆయనకు పితృకార్యం చేయడానికి మనసొప్పని కుమారులూ ఉన్నారు. వారు ఒక్కసారి ప్రహ్లాదవరదుని సన్నిధిలో నిలబడాలి. ప్రహ్లాదుడు తండ్రి తప్పును ఒప్పు అనలేదు, తండ్రి మాటకు తలవంచి హరిని విడువలేదు. అయినా తండ్రిని విడిచిపెట్టలేదు. ఏ ఇంట పుట్టామన్నది మన చేతిలో లేదు. ఆ ఇంటికి ఏ దీపం పెడతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.