ముప్పై ఆరేళ్ల ఆటగాడికి ఆఫర్ లెటరా?

గచ్చిబౌలి జంక్షన్ నుంచి లింగంపల్లి వైపు బస్సెక్కితే జీఎంసీ బాలయోగి స్టేడియం కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ట్రిపుల్ ఐటీ, ఆ పైన సెంట్రల్ యూనివర్సిటీ. చుట్టుపక్కలంతా ఐటీ ఆఫీసులే. వాక్-ఇన్‌లకూ, డ్రైవ్‌లకూ ఫైలు పట్టుకుని తిరిగేవాళ్లు ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లుంటారో లెక్కలేదు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగింది అక్కడే. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు పుట్టినప్పుడు దానికి సొంత మైదానం అయిందీ అదే.

ఆ జట్టు అభిమానులు 2021లో ఒక నియామకం గురించి పెద్ద వాదన పెట్టుకున్నారు. ఉద్యోగం వెతుక్కునే మీకు దాంతో పనేంటి అంటారా? నన్నడిగితే చాలా ఉంది. జాబ్ కోసం వెళ్లినవాళ్లు గది బయట కూర్చుంటారు. లోపల తమ గురించి ఏం మాట్లాడుకుంటున్నారో వాళ్లకు వినిపించదు. ఫుట్‌బాల్లో అదే చర్చ బహిరంగంగా, అందరి ముందూ జరుగుతుంది.

ముందు జట్టు పరిస్థితి చూద్దాం. మొదటి సీజన్‌లో హైదరాబాద్ పది జట్లలో పదోది. ఆడిన 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. రెండో సీజన్‌కి స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి, కుర్రాళ్లను నమ్ముకుని జట్టును అయిదో స్థానానికి తెచ్చాడు. సెమీస్‌కి వెళ్లేది నాలుగు జట్లే కాబట్టి ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆ సీజన్‌లో పది గోల్స్ కొట్టిన స్ట్రైకర్ అరిదానె సంటానా తర్వాత వెళ్లిపోయాడు. ముందు వరుసలో మెరిసిన లిస్టన్ కొలాకోని ఏటీకే మోహన్ బగాన్ తీసుకుపోయింది. అంటే గోల్ కొట్టే కుర్చీ ఖాళీ.

ఆ కుర్చీలోకి క్లబ్ తెచ్చిన పేరు బార్తొలొమ్యూ ఒగ్బెచే. నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్ ఆడినవాడు. కుర్రతనంలో పారిస్ సెయింట్ జర్మెయిన్‌లో ఉన్నవాడు. పుట్టింది 1984 అక్టోబర్ 1న. అంటే సంతకం పెట్టేనాటికి 36 దాటాయి, సీజన్ మొదలయ్యేసరికి 37 నిండుతాయి.

ఇంకేముంది, వాదన మొదలు.

వద్దన్నవాళ్లది ఉత్త అక్కసు కాదు. ఇండియన్ సూపర్ లీగ్ మొదట్లో ‘ఏనుగు బతికినా వెయ్యే’ అన్న లెక్కన పెద్ద పేర్లను తెచ్చి పెట్టుకున్న అనుభవం వాళ్ల ముందుంది. 2014లో ఢిల్లీ డైనమోస్‌కి ఇటలీ దిగ్గజం అలెశాండ్రో డెల్ పియెరో వచ్చాడు. సీజన్ మొత్తానికి ఒక్కటే గోల్. 2017-18లో కేరళ బ్లాస్టర్స్‌కి దిమితార్ బెర్బతోవ్ వచ్చాడు. ఆయనదీ ఒకటే గోల్. పోస్టర్లు బాగుంటాయి, పరుగే ఉండదు. దానికి తోడు సరిగ్గా ఆ 2021-22 సీజన్ నుంచే మైదానంలో ఒకేసారి ఉండగల విదేశీయుల సంఖ్యను లీగ్ అయిదు నుంచి నాలుగుకి తగ్గించింది. ఉన్నవే నాలుగు సీట్లు, అందులో ఒకటి ముప్పై ఆరేళ్ల మనిషికా? పైగా అంతకుముందు ఏడాది ముంబై సిటీలో అతని గోల్స్ ఎనిమిదికి పడిపోయాయి. రోహిత్ దనూలాంటి పంతొమ్మిదేళ్ల మన కుర్రాడు వార్మప్‌కే పరిమితమైపోవాలా?

ఈ చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. జాబ్ పోర్టల్‌లో ‘ఫ్రెషర్స్’ అని కొట్టి వెతికితే ‘2 నుంచి 4 ఏళ్ల అనుభవం’ అని కనిపించినప్పుడు మీకు వచ్చే కోపం అచ్చం ఇదే. అనుభవం ఉన్నవాడికే ఉద్యోగమిస్తే, ఆ అనుభవం మాకెక్కణ్నుంచి వస్తుంది? న్యాయమైన ప్రశ్నే. దాని సంగతి మళ్లీ చూద్దాం.

కావాలన్నవాళ్లు పేరు జోలికి పోలేదు, లెక్క తీశారు. డెల్ పియెరో, బెర్బతోవ్ ఈ లీగ్‌కి కొత్త. ఇక్కడి ఎండ, ఇక్కడి పిచ్‌లు, ఇక్కడి డిఫెండర్లు ఎలా ఉంటారో తెలియకుండా వచ్చారు. ఒగ్బెచే అప్పటికే మూడు సీజన్లు ఇక్కడే ఆడాడు. నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కి 12 గోల్స్, కేరళ బ్లాస్టర్స్‌కి 15, ముంబైకి 8. మూడు జట్లు, ఇద్దరు కోచ్‌లు, మొత్తం 35 గోల్స్. అతనికి గ్లామర్ కన్నా ఈ లీగ్‌లో పనికొచ్చే రికార్డు ఎక్కువ ఉంది. ముంబైలో ఎనిమిదే కొట్టాడన్నది నిజమే. కానీ అక్కడ ముందు వరుసలో ఆడమ్ లె ఫాండ్ర్ కూడా ఉన్నాడు, ఇద్దరూ ఒకే చోటు పంచుకున్నారు. ఆ ఏడాది ముంబై లీగ్ షీల్డూ, కప్పూ రెండూ గెలిచింది. అంకె ఒక్కటే చూస్తే తగ్గుదల కనిపిస్తుంది, దాని వెనకున్న పరిస్థితి కూడా చూస్తే వేరేలా ఉంటుంది.

రెండు పక్షాలూ చూస్తున్నది ఒకే మనిషి బయోడేటా. ఒకరు పుట్టిన తేదీ దగ్గర ఆగారు, ఇంకొకరు ‘గత అనుభవం’ అన్న గడి దాకా వెళ్లారు. మీ రెజ్యూమె చూసేవాళ్లూ ఇలాగే రెండు రకాలుగా ఉంటారు. పాసైన సంవత్సరం, బ్యాక్‌లాగ్‌లు, గ్యాప్ ఇయర్ దగ్గరే ఆగిపోయేవాళ్లు కొందరు. కింద ఉన్న ప్రాజెక్టు లింకు నొక్కి చూసేవాళ్లు ఇంకొందరు. మొదటి రకాన్ని మీరు మార్చలేరు. రెండో రకం మనిషి దొరికినప్పుడు ఆ లింకు వెనక ఏదైనా ఉండాలి. ఇది నా గోల అనుకోండి గానీ, ‘మినీ ప్రాజెక్ట్’ అని రాసి అడిగితే నీళ్లు నమిలేవాళ్లు మనలో తక్కువేం లేరు.

ఇలాంటి వాదన మన ఊరికి మాత్రమే సొంతం కాదు. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని గుంపులోంచి దూసుకెళ్లే ‘రన్నింగ్ బ్యాక్’కి ముప్పై వచ్చిందంటే పని అయిపోయినట్టే అంటారు, ఆ దెబ్బలు అలాంటివి. 2024లో డెరిక్ హెన్రీ ముప్పై ఏళ్లకి బాల్టిమోర్ రేవెన్స్‌లో చేరితే అక్కడా ఇవే ప్రశ్నలు. ఆ సీజన్‌లో అతను 1,921 గజాలు పరిగెత్తాడు. అలాగని ప్రతి ముప్పై ఏళ్లవాడూ హెన్రీ కాడు. క్రికెట్లో మనకే ఒక ఉదాహరణ ఉంది. 2008లో అట్టడుగున ఉన్న డెక్కన్ చార్జర్స్, 2009లో 37 ఏళ్ల ఆడమ్ గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ గెలిచింది.

ఇక ఒగ్బెచే ఏం చేశాడు? కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో జరిగింది. గచ్చిబౌలి స్టేడియం ఖాళీ. ఇంటినుంచి పని కావడంతో చుట్టూ ఆఫీసులూ చాలావరకు ఖాళీ. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకున్న అభిమాన సంఘం వాళ్లకీ టీవీలే దిక్కు. పక్కనే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు కాల్, ఎదురుగా మ్యాచ్. ఆ టీవీల్లోనే ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకోవడం చూశారు. 2022 జనవరిలో ఈస్ట్ బెంగాల్‌పై హ్యాట్రిక్. లీగ్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డు కూడా ఆ సీజన్‌లోనే అతని చేతికొచ్చింది (తర్వాత దాన్ని సునీల్ ఛెత్రి దాటాడు). హైదరాబాద్ పట్టికలో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్‌ని దాటి ఫైనల్.

2022 మార్చి 20. ఫటోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఇక్కడొక తమాషా ఉంది. వాదనంతా ఎవరి గురించి జరిగిందో ఆ ఒగ్బెచే ఫైనల్లో గోల్ కొట్టలేదు. కేరళ ఒక గోల్ ముందుంది, మ్యాచ్ చివరికొచ్చేసింది. 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది బెంచ్ మీద నుంచి వచ్చిన సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు షాట్లు ఆపి 3-1తో కప్పు చేతిలో పెట్టింది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. అతని వయసు 32, అంటే అతనూ కుర్రాడు కాదు. కానీ జట్టులోకి తీసుకున్నప్పుడు అతని మీద ఇంత గొడవ జరగలేదు.

బెంచ్ అన్నాను కదా. ఐటీలో ఆ మాట వింటేనే గుండె జారుతుంది. ప్రాజెక్టు లేకుండా కూర్చోబెట్టడం, తర్వాత ఏమవుతుందోనన్న దిగులు. ఫుట్‌బాల్‌లో బెంచ్ అంటే పిలుపు వచ్చేదాకా సిద్ధంగా ఉండే చోటు. తవోరా లేచి వెళ్లినప్పుడు ఆటకి ఇంకా పావుగంటో ఇరవై నిమిషాలో మిగిలున్నాయేమో, అంతే. రెండు బెంచీలూ ఒకటే అని నేనననుగానీ, ట్రైనింగ్ అయ్యాక ప్రాజెక్టు కోసం ఎదురుచూసే కొత్తవాళ్లు ఆ నెలలు ఎలా గడుపుతారో చూస్తే తేడా తెలుస్తుంది. కొందరు సర్టిఫికేషన్ పూర్తిచేసి, పక్క టీమ్ వాళ్ల పనేంటో కనుక్కుని పెట్టుకుంటారు. కొందరు రోజూ స్వైప్ ఇన్, స్వైప్ ఔట్.

ఇప్పుడు రోహిత్ దనూ ప్రశ్నకి వద్దాం. పెద్దాయన వస్తే కుర్రాడి సీటు పోయిందా? నిజం చెప్పాలంటే కొంత పోయింది. ముందు వరుసలో ఒకే స్థానం ఉన్నప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. కానీ క్లబ్ ఆ వేసవిలోనే హవియర్ సివేరియో అనే ఇరవై మూడేళ్ల స్పెయిన్ స్ట్రైకర్‌ని కూడా తీసుకుంది. ఈ రోజు గోల్స్ కొట్టడానికి ఒకరు, రేపటికి ఒకరు. వెనక వరుసలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్‌లాంటి మన కుర్రాళ్లు క్రమం తప్పకుండా ఆడారు. అనుభవజ్ఞుడికి ఇచ్చింది ఒక పని. జట్టంతా అతని చేతిలో పెట్టలేదు. మంచి మేనేజర్ ఉన్న టీమ్‌లోనూ సీనియర్లు, ఫ్రెషర్లు ఇలాగే కలిసి ఉంటారు. అందరూ సీనియర్లయితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అందరూ కొత్తవాళ్లయితే రాత్రి సర్వర్ ఆగిపోయినప్పుడు ఎవరిని లేపాలో తెలియదు.

పెద్దవాళ్లని తీసేస్తే మాకే చాన్సులు అనుకునేవాళ్లు ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. 2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. 38వ ఏట ఒగ్బెచే ఇంకో పది గోల్స్ కొట్టి, లీగ్‌లో తన మొత్తం 63కి చేర్చాడు. జట్టు మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌ల్లోనూ ఎవరూ గోల్ చేయలేదు, పెనాల్టీల్లో ఓటమి. ఆ తర్వాత కోచ్ మనోలో గోవాకి, ఒగ్బెచే బయటికి. అంతలోనే క్లబ్‌కి డబ్బు కష్టాలు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. 2023-24 సగంలోనే విదేశీయులు, పేరున్న మనవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లే. కావలసినన్ని మ్యాచ్‌లు దొరికాయి. సీజన్ మొత్తానికి గెలిచింది ఒక్కటి, మళ్లీ ఆఖరి స్థానం.

తప్పు కుర్రాళ్లది కాదు, ఒప్పుకుంటాను. జీతాలే సమయానికి అందని చోట ఎవరు ఆడినా అంతే. అయినా అంతకు రెండేళ్ల ముందు వయసు గురించి అంత ఘాటుగా వాదించుకున్న అభిమానులకు క్లబ్ ఖాతా పుస్తకం గురించి అడగాలని తట్టలేదు. ఆటగాడి మోకాళ్లు ఎన్నాళ్లు పనిచేస్తాయో లెక్కేశాం గానీ, జీతమిచ్చేవాడి దమ్మెంతో చూడలేదు. 2025లో ఆ జట్టు ఊరే మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

మీరు ఆఫర్ లెటర్ అందుకునేటప్పుడు ప్యాకేజీ అంకె ఒక్కటే చూసి ఇంట్లో వాళ్లకి ఫోన్ చేస్తారు. చేయండి, తప్పులేదు. కానీ దానికి ముందు, ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా’ అని వాళ్లు అన్నప్పుడు, ‘ఏం లేవు సర్’ అని లేచి రావద్దు. ఈ పోస్టు కొత్తగా పెట్టారా, లేక ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా అని అడగండి. వెళ్లిపోయి ఉంటే, ఆ మనిషి చేసిన పనిలో నాకు మొదటి ఆరు నెలల్లో ఇచ్చేది ఎంత అని అడగండి. టీమ్‌లో నాకు పని నేర్పే సీనియర్ ఎవరు అని అడగండి. జాయినింగ్ తేదీ కాగితం మీద రాసిస్తారా అనీ అడగండి. సంటానా వెళ్లిన కుర్చీ ఏమిటో, అందులో కూర్చుంటే ఏం చేయాలో ఒగ్బెచేకి వచ్చేముందే తెలుసు.