‘కలుపు’ ఎక్కడి మాట?

వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి వేళ్లతో మెదుపుతూ కలుపుతాం. ఈ ‘కలుపు’ అచ్చ తెలుగు క్రియ. తమిళంలో ‘కల’, కన్నడంలో ‘కలసు’, మలయాళంలో ‘కలరుక’ దీని తోబుట్టువులే. తనంతట జరిగితే ‘కలియు’, ఇంకొకరు జరిపిస్తే ‘కలుపు’. తెలియు, తెలుపు జంటలోనూ ఇదే పద్ధతి. వానకు వాగులు ఏట్లో కలుస్తాయి, పాలలో నీళ్లు మాత్రం ఎవరో కలుపుతారు. ఎంత చక్కని తేడా!

మరి చేలో పీకేసే ‘కలుపు’ సంగతేమిటి? పైరులో కలిసి పెరుగుతుంది కాబట్టే ఆ పేరనుకోవడం సహజం. కానీ పక్క భాషలు ఒప్పుకోవు. ఆ మొక్కను తమిళులు ‘కళై’, కన్నడిగులు ‘కళె’ అంటారు. తమిళ ‘కళై’కి పీకేయడమనే అర్థమూ ఉంది. కలపడానికి మాత్రం రెండు చోట్లా ‘ల’యే. కాబట్టి మూలాలు వేరనే అనుకోవాలి. తెలుగులో రెండింటినీ ‘ల’తోనే పలకడం వల్ల ఒకే మాటలా వినిపిస్తున్నాయి.