పొగ ఎక్కడికి పోతుంది? కనిపెట్టే పని మన పిల్లలూ చేయొచ్చు



పొద్దున్నే వీధి ఊడ్చి, ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ పోగేసి అగ్గి పెడతాం. పది నిమిషాల్లో పొగ కనపడదు. పోయిందనుకుంటాం. పోలేదు. అందులోని సన్నటి రేణువులు వానకు కడుక్కుపోయేదాకా, నేలకు దిగేదాకా గాలిలోనే తిరుగుతాయి, ఒక్కోసారి వారం దాకా. వీటినే ఏరోసాల్స్ అంటారు. తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. 2.5 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతాయి.

ఈ రేణువుల్లో ఏముందో కనిపెట్టడమే కొందరు విద్యార్థుల చదువు. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీలో ఇదే పని చేస్తారు. ఈ పరిశోధన మనకు దూరంగా ఏమీ లేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరుగుతోంది.

వాళ్లేం చేస్తారు? ఒక ఫిల్టర్‌ను తూకం వేసి, దాని గుండా గంటల తరబడి గాలిని లాగుతారు. మళ్లీ తూకం వేస్తారు. పెరిగిన బరువే గాలిలోని రేణువుల బరువు. తర్వాత ఆ ఫిల్టర్‌ను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం ఎంతెంత ఉన్నాయో యంత్రంతో కొలుస్తారు.

ఇక్కడ ఒక వింత చూడండి. అన్ని రేణువులూ పొగలోంచే రావు, కొన్ని గాలిలోనే తయారవుతాయి. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. పేడ, యూరియా నుంచి లేచే అమ్మోనియా దానితో కలిస్తే అమ్మోనియం నైట్రేట్ రేణువు పుడుతుంది. అంటే హోసూరు రోడ్డు మీది లారీ పొగా, మన చేనిలో చల్లిన యూరియా గాలిలో కలుసుకుంటాయన్నమాట!

"ఇదంతా ఇంగ్లీషు చదువు సార్, మా పిల్లకాయలకు వస్తుందా?" అని కొందరు అడుగుతారు. వి. రామనాథన్ గారి సంగతి వినండి. హిందూ మహాసముద్రం మీద కమ్ముకునే గోధుమరంగు పొగతెరను 1999లో పరిశీలించిన ఇండోఎక్స్ పరిశోధనకు, నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్‌తో కలిసి నాయకత్వం వహించారు. ఆయన చిన్నప్పుడు చదివింది తమిళంలో. పదకొండేళ్లకు బెంగళూరు వచ్చి ఇంగ్లీషు బడిలో చేరితే పాఠాలు కష్టమయ్యాయి. దాంతో తనకు తానే ఆలోచించి తెలుసుకోవడం అలవాటైందని తర్వాత ఆయనే చెప్పారు. మాతృభాషలో అర్థం చేసుకున్నది పోదు. ఇంగ్లీషు తర్వాత నేర్చుకోవచ్చు.

దారి ఇదీ: పది తర్వాత సైన్స్ గ్రూపు, ఆపై బీఎస్సీ, ఎమ్మెస్సీ. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే పరిశోధన చేస్తూనే నెలకు 37,000 రూపాయలు అందుతుంది.

పిల్లలూ, ఒక పని చేయండి. రెండు తెల్లకాగితాలకు కొబ్బరినూనె రాసి, ఒకటి రోడ్డు పక్కన, ఒకటి ఇంట్లో రెండు రోజులుంచి బడికి తెండి. భూతద్దంతో చూద్దాం. పెద్దలకు ఒక మనవి: ప్లాస్టిక్‌ను మాత్రం తగలబెట్టకండి. ఆ గాలే మన పిల్లలు పీల్చేది.

ప్రధానోపాధ్యాయుడు