ఫోను మోగింది, మాట వినబడలేదు



మన గ్రామములలో అనేకమంది తల్లిదండ్రులు పిల్లల మాట కోసము ఫోను దగ్గర కూర్చుని ఎదురుచూచుచున్నారు. కొందరి పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు. మరికొందరి పిల్లలు కువైటులో, అమెరికాలో ఉన్నారు. ఒకప్పుడు ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలబడి, మీటరు మీద పరుగెత్తే అంకెలు చూస్తూ రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవారము. ఇప్పుడు ఇంటర్నెట్టు మీదుగా గంటసేపు మాట్లాడినా ప్రత్యేకముగా ఖర్చు కనబడదు. అయితే ఆ మాట మన ఇంటిలోనికి రావాలంటే ఒక చిన్న పెట్టెను దాటి రావలెను. అదే రౌటరు. దాని మూలముగా మా ఇంటిలో జరిగిన సంగతి, దానివలన మేము నేర్చుకున్న పాఠము మీతో పంచుకొనుచున్నాము.

మా అమ్మగారికి 80 ఏళ్ళు దాటినవి. చేతులు వణుకుతాయి గనుక ఇప్పటి టచ్ ఫోను ఆమెకు లొంగదు. ఎత్తబోయి కట్ చేస్తారు. ఆమెకు తెలిసిన ఫోను ఒక్కటే: మోగితే రిసీవరు ఎత్తడము, మాట్లాడి పెట్టేయడము. 2024 డిసెంబరులో సెలవు మీద వచ్చిన మా మేనల్లుడు ఇది గమనించి, డల్లాసు నుండి తెచ్చిన ఒక ఫోనును మా ఇంటిలో పెట్టాడు. చూడటానికి అది పాతకాలపు బల్ల ఫోను వలెనే ఉన్నది. రిసీవరు ఉన్నది, పెద్ద బొత్తాములు ఉన్నవి. కాని వెనుక టెలిఫోను తీగకు బదులు ఇంటర్నెట్టు తీగ. అతడు ఒక ఇంటర్నెట్టు ఫోను కంపెనీలో ఖాతా తెరిచి, తనకు 101, అమ్మమ్మకు 102 అని నెంబర్లు పెట్టించాడు. ఫోను తెర మీద 102 అని చూపించింది. అంతా సరిగానే ఉన్నదనుకుని అతడు విమానము ఎక్కాడు.

జనవరిలో ఒక ఉదయము 7 గంటలకు మొదటి కాల్ వచ్చింది. అక్కడ ముందురోజు సాయంత్రము 7.30. అమ్మగారు ఆత్రముగా రిసీవరు ఎత్తి, "హలో, బాబూ, హలో" అని పదిసార్లు పిలిచారు. కొంతసేపటికి ముఖము చిన్నబుచ్చుకుని రిసీవరు మా చేతికిచ్చి, "నా చెవులు పోయినట్టున్నాయి నాయనా" అన్నారు. మేము చెవికి ఆనించి చూశాము. మాకూ ఏమీ వినబడలేదు. ఇంతలో మా సెల్‌ఫోనుకు మెసేజి వచ్చింది: "మామయ్యా, అమ్మమ్మ మాట నాకు బాగా వినపడుతోంది. నా మాటే మీకు రావడం లేదా?"

గంటకు ఒక దారి, మాటకు ఒక దారి

గంట మోగినప్పుడు మాట ఎందుకు రాదు? మాకు మొదట అర్థము కాని సంగతి ఇదే. ఇంటర్నెట్టు ఫోనులో గంట వచ్చే దారి వేరు, మాట వచ్చే దారి వేరు. గంట మోగించడము, ఎత్తినట్లు తెలియజేయడము, పెట్టేయడము – ఈ పనులన్నీ 'సిప్' అనే పద్ధతి చూచుకొనును. ఇది 1999లో వెలువడి, 2002లో సవరించబడినది. దీనికి సాధారణముగా వాడే ద్వారము, అనగా పోర్టు, 5060. మాటను మోసేది మాత్రము 'ఆర్.టి.పి.' అనే వేరొక పద్ధతి. దానికి వేరే పోర్టులు ఉండును.

కాల్ కలిసే సమయములో మన ఫోను అవతలివారికి, "నేను ఫలానా అడ్రసులో ఉన్నాను, మాటను ఇక్కడికి పంపండి" అని చెప్పును. చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది. మా ఫోను చెప్పిన అడ్రసు 192.168తో మొదలయ్యేది. అది మా ఇంటి లోపల మాత్రమే చెల్లును. అటువంటి అడ్రసే లోకములో లెక్కలేనన్ని ఇళ్ళలో ఉన్నది. ఊరు, మండలము, జిల్లా ఏమీ లేకుండా "వేపచెట్టు పక్క ఇల్లు" అని మాత్రమే వ్రాసి జవాబు పంపమంటే ఉత్తరము ఎవరికి చేరును? మా మేనల్లుని మాట కూడా అలాగే దారిలో పోయినది. అమ్మగారి మాటకు మాత్రము చేరవలసిన అడ్రసు సరిగా తెలుసు గనుక అది డల్లాసు చేరింది.

ఇటువంటి లోపలి అడ్రసులు ఎందుకు వచ్చినవంటే, ఇంటర్నెట్టు మొదట కట్టినప్పుడు పెట్టిన అడ్రసుల మొత్తము సుమారు 429 కోట్లు. అవి చాలవని తెలిసి, 1994లో ఒక ఉపాయము ప్రకటించారు. ఇంటిలో ఎన్ని పరికరములున్నా బయటికి ఒకే అడ్రసుతో కనబడవలెను. లోపల ఎవరు ఎవరితో మాట్లాడుచున్నారో రౌటరు తన చిట్టాలో వ్రాసుకొనును. జవాబు వచ్చినప్పుడు చిట్టా చూసి లోపలికి పంపును. చిట్టాలో లేనివారు తలుపు తట్టితే త్రోసివేయును. దీనికి తోడు ఫైర్‌వాల్ అనే కావలి కూడా రౌటరులోనే ఉండును. ఈ కావలి మన మేలు కొరకే. కాని అది మన బిడ్డను, పరాయివానిని వేరుచేసి చూడలేదు. చిట్టా ఒక్కటే చూచును.

తలుపులు తీసివేసిన తప్పు

మా ఊరిలో నెట్టు పనులు చేసే ఒక కుర్రవాణ్ణి పిలిచాము. అతడు రౌటరులో 'డి.ఎం.జెడ్.' అనే చోట మా ఫోను అడ్రసు వ్రాసి, ఫోనులో బయటి అడ్రసు పెట్టి, అయిదు నిమిషములలో వెళ్ళిపోయాడు. మాట వచ్చింది. అమ్మగారు మనుమనితో అరగంట మాట్లాడారు. మేమును సంతోషించాము. అతడు చేసినదేమిటో మేము అడగలేదు. అది మా తప్పు.

నాలుగు దినముల తరువాత రాత్రి 2 గంటలకు ఫోను మోగింది. పల్లెలో అర్ధరాత్రి ఫోను అంటే ఏమిటో మీకు తెలుసు. ఎవరో పోయిన కబురే గాని మంచి కబురు కాదు. అమ్మగారు చీకటిలో గోడ పట్టుకుని వచ్చి రిసీవరు ఎత్తారు. ఎవరూ లేరు. తెర మీద 1001 అని ఉన్నది. అరగంట గడిచిన తరువాత మళ్ళీ మోగింది. మళ్ళీ ఎవరూ లేరు. "పిల్లవాడికేమైనా అయిందేమో, చెప్పలేకపోతున్నారేమో" అని ఆమె తెల్లవారేవరకు మంచము మీద కూర్చునే ఉన్నారు. చీకటిలో కాలు జారి పడకపోవడమే మాకు మిగిలిన ఓదార్పు.

సంగతి విని మా మేనల్లుడు వివరము చెప్పాడు. డి.ఎం.జెడ్. అంటే ఆ పరికరమునకు కావలి తీసివేసి వీధిలో కూర్చోబెట్టడమే. 5060 పోర్టు ఎక్కడ తెరచియున్నదో వెదకుటకు మోసగాళ్ళు పెట్టిన ప్రోగ్రాములు రాత్రింబగళ్ళు ఇంటర్నెట్టు అంతా తిరుగుచుండును. దొరికిన ప్రతి అడ్రసుకు ఒక దొంగ కాల్ పంపి చూచును. అవతల ఉన్నది ఆఫీసులలో ఉండే చిన్న ఎక్స్ఛేంజి వంటిదై, దాని పాస్‌వర్డు బలహీనముగా ఉంటే, ఆ లైను మీద విదేశములకు కాల్స్ చేసుకొందురు. బిల్లు మాత్రము సొంతదారునికి వచ్చును. మాది వట్టి ఫోను గనుక మోగి ఊరుకుంది.

సరిచేసిన విధము

ఆ ఆదివారము సాయంత్రము అతడు వీడియోలో చెప్పగా మేమే కూర్చుని ఒక గంటలో సరిచేశాము. వరుసగా చెప్పుచున్నాము.

మొదటిది, డి.ఎం.జెడ్. తీసివేశాము. ఫైర్‌వాల్ తిరిగి పెట్టాము. ఫోనులో ఆ కుర్రవాడు పెట్టిన బయటి అడ్రసు కూడా తీసివేశాము. ఆ అడ్రసు ఎప్పుడైనా మారవచ్చును.

రెండవది, రౌటరులో 'సిప్ ఏ.ఎల్.జి.' అనే సదుపాయమును ఆపివేశాము. ఇది ఫోను మాటల మధ్యలో చొరబడి అడ్రసులను దిద్దుటకు పెట్టినది. సహాయము కొరకే పెట్టినా, అనేక రౌటర్లలో సగము దిద్ది సగము వదిలి, ఉన్న చిక్కును పెంచును.

మూడవది, ఫోనులో 'స్టన్' అనే సదుపాయమును తెరిచి, ఫోను కంపెనీవారు ఇచ్చిన సర్వరు పేరు వ్రాశాము. ఈ పద్ధతి 2003లో వచ్చింది. ఫోను ముందుగా బయట ఉన్న ఒక సర్వరును, "నేను నీకు ఏ అడ్రసుతో కనబడుచున్నాను?" అని అడుగును. వచ్చిన జవాబునే అవతలివారికి చెప్పును. వేపచెట్టు పక్క ఇంటికి పూర్తి చిరునామా దొరికినట్లే. కొన్ని రకముల రౌటర్ల దగ్గర ఇది పనిచేయదు. అప్పుడు మాటను తమ సర్వరు మీదుగా పంపమని కంపెనీవారిని అడగవలెను.

నాలుగవది, 'కీప్ అలైవ్' అనే చోట 30 సెకండ్లు పెట్టాము. కొంతసేపు మాటలు లేకపోతే రౌటరు తన చిట్టాలోని వరుసను కొట్టివేయును. అప్పుడు బయటినుండి కాల్ వచ్చినా గంట మోగదు. ఫోను మధ్య మధ్య ఒక చిన్న పలకరింపు పంపుచుంటే ఆ వరుస నిలిచియుండును.

అయిదవది, మా కంపెనీ సర్వరు నుండి తప్ప మరెవరి నుండి కాల్ వచ్చినా తీసుకోవద్దని ఫోనులో పెట్టాము. దానితో అర్ధరాత్రి గంటలు ఆగిపోయినవి.

ఆరవది, రౌటరుకు, ఫోనుకు మొదటినుండి ఉన్న పాస్‌వర్డులను మార్చాము.

మాకు రౌటరులో ఒక్క పోర్టు కూడా ప్రత్యేకముగా తెరవవలసిన అవసరము రాలేదు. మీ కంపెనీవారు తెరవమని చెప్పినట్లయితే, ఇంటిలో ఆ ఫోనుకు మారని అడ్రసు పెట్టి, వారు చెప్పిన పోర్టులను మాత్రమే, వీలైతే వారి సర్వరుకు మాత్రమే తెరవండి. పొరుగింటివారు 10000 నుండి 20000 వరకు తెరిచారని మనమును తెరవనక్కరలేదు.

గుర్తులను బట్టి జబ్బు

కాల్ కలిసి ఒక పక్క మాత్రమే వినబడితే, మాకు వచ్చిన అడ్రసు జబ్బే అయి ఉండవచ్చును. కాల్ ప్రతిసారి 30 సెకండ్ల దగ్గర తెగిపోవుచుంటే, "ఎత్తాను" అని ఫోను పంపిన కబురుకు తిరుగు జవాబు చేరడము లేదని అర్థము. సిప్ పద్ధతి ప్రకారము 32 సెకండ్లు ఎదురుచూచి మానుకొనును. రౌటరు ఆపి వేసిన వెంటనే గంట మోగి, కాసేపటికి మోగడము మానితే, కీప్ అలైవ్ చూడండి.

మాట ముక్కలు ముక్కలుగా వచ్చుచుంటే అది ఫైర్‌వాల్ తప్పు కాకపోవచ్చును. మంచి నాణ్యత గల ఒక కాల్‌కు ఒక్కొక్క దిక్కున సెకనుకు 90 కిలోబిట్ల లోపే చాలును. కాని అదే సమయములో ఇంటిలో ఎవరైనా పెద్ద వీడియో పంపుచుంటే ఆ కొద్దిపాటి దారి కూడా మూసుకొనిపోవును.

మరొక సంగతి. రౌటరు తెరలో బయటి అడ్రసు 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో మొదలైతే, మీ రౌటరు వెనుక నెట్టు కంపెనీవారి రౌటరు కూడా ఉన్నదని అర్థము. అప్పుడు మీరు ఇంటిలో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనము లేదు. స్టన్, లేక ఫోను కంపెనీ సర్వరే మార్గము.

మరువరానివి

వాట్సాప్ వంటివాటితో మాట్లాడుకొనే కుటుంబములకు ఇవేవీ అవసరము లేదు. అవి దారి దొరకని చోట తమ సర్వర్ల మీదుగా మాటను చేరవేయును. అయితే ఒకే యాప్ మీద ఆధారపడవద్దు. 2003లో వచ్చి ఎన్నో కుటుంబములను కలిపిన స్కైప్ 2025 మే నెలలో మూతబడినది. గల్ఫ్ దేశములలో కొన్నిచోట్ల ఇంటర్నెట్టు కాల్స్‌కు ప్రభుత్వ నిబంధనలున్నవి. అక్కడి బిడ్డ మాట రాకపోతే ఇక్కడ రౌటరును విప్పి లాభము లేదు. అతనిని దొంగదారులు వెదకమని ఒత్తిడి చేయకండి. శిక్ష అతనికి పడును.

కరెంటు పోతే రౌటరు ఆగును, దానితో ఈ ఫోను కూడా ఆగును. కనుక ప్రాణాపాయ సమయములో 112కు ఫోను చేయుటకు దీనిని నమ్ముకోక, ఛార్జి ఉన్న సెల్‌ఫోను ఒకటి ఇంటిలో ఉంచండి. నెట్టు పని చేయుటకు వచ్చినవారిని, "ఏమి మార్చావు బాబూ?" అని అడిగి ఒక కాగితము మీద వ్రాయించుకోండి. మాట వచ్చింది గదా అని తృప్తిపడి పంపివేసినందుకే ఒక ముసలి తల్లి రాత్రంతా మేలుకొనవలసి వచ్చింది.

ఇప్పుడు ఉదయము 7 గంటలకు గంట మోగును. అమ్మగారు అప్పటికే ముఖము కడుగుకొని కుర్చీలో కూర్చుని ఉందురు. సరిచేసిన మరునాడు మనుమని మాట వినగానే, రిసీవరుకు చెయ్యి అడ్డుపెట్టి మావైపు తిరిగి, "చెవులు బాగానే ఉన్నాయి నాయనా" అన్నారు. మీ ఇంటిలో పెద్దవారు ఫోను పట్టుకుని వినబడటము లేదంటే, వారి చెవులను అనుమానించక ముందు రౌటరును చూడండి.