అల విరగని చోటే ఆపద

"బార్బడోస్‌లో ఓడ దిగిన జనమంతా రేవు పక్క బీచ్‌లకే పోతారు. అక్కడేమీ ఉండదు. మీరు టాక్సీ మాట్లాడుకుని తూర్పు ఒడ్డుకు పోండి. జనం ఉండరు. అలలు పెద్దవని భయపడొద్దు. అలల మధ్యలో నీళ్లు నిమ్మళంగా, కాస్త నల్లగా కనిపించే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ దిగండి."

అమెరికాలోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఈ సలహా మా మేనల్లుడి ఫోన్‌కు చేరింది. వాడు నమ్మాడు. డిసెంబరు సెలవులకు కాకినాడ నుంచి వచ్చిన మా అక్కనూ బావనూ, పెళ్లాం పిల్లలనూ వెంటబెట్టుకుని కరీబియన్ క్రూజ్ ఎక్కాడు. బార్బడోస్‌లో దిగి తూర్పున బత్‌షెబా వెళ్లాడు. నిమ్మళంగా, నల్లగా ఉన్న చోటు వెతుక్కుని మరీ నడుములోతు దిగాడు. కాళ్ల కింద ఇసుక జారింది. ఒడ్డుకు నడుద్దామంటే ఒడ్డే వెనక్కి పోతోంది. సర్ఫింగ్ చేస్తున్న ఊరి కుర్రాడొకడు చూసి బోర్డు అందించబట్టి బతికి బయటపడ్డాడు. ఆ కాసేపూ ఒడ్డున ఎలా నిలబడిందో మా అక్క ఇప్పటికీ చెప్పలేదు. చెప్పబోతే గొంతు పూడుకుపోతుంది.

ఆ సలహాలో ఉన్నవి రెండు అపోహలు. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే విడివిడిగా చెబుతాను.

అపోహ: అలలు విరగని చోట నీళ్లు నెమ్మది, అక్కడ దిగొచ్చు.

ఈ మాట పూర్తిగా తప్పు. ఒడ్డుకు వచ్చే ప్రతి అల కూడా కొంత నీటిని మోసుకొస్తుంది. ఆ నీరు ఒడ్డున పోగుపడుతుంది, తిరిగి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఇసుక తిన్నెల మధ్యనో, రాతి దిబ్బల మధ్యనో లోతైన సందు ఉంటే నీరంతా అందులోంచే వెనక్కి పరిగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అల విరగాలంటే అడుగు మెరక కావాలి. ఈ సందు లోతుగా ఉంటుంది కనుక అక్కడ అల విరగదు. నురగ ఉండదు. నీరు ముదురు రంగులో కనిపిస్తుంది. అంటే, ఒడ్డున నిలబడి చూసినప్పుడు అన్నింటికన్నా నెమ్మదిగా కనిపించే ఆ చోటే మనిషిని లోపలికి లాక్కుపోయే కాలువ.

దాని వేగం మామూలుగా సెకనుకు అర మీటరు దాకా ఉంటుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2.4 మీటర్ల దాకా కొలిచారు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అమెరికా బీచ్‌లలో లైఫ్‌గార్డులు నీళ్లలోకి దూకి చేసే రక్షణల్లో 80 శాతానికి పైగా ఈ రిప్ కరెంట్ల వల్లేనని అక్కడి లైఫ్‌గార్డుల సంఘం లెక్క. మనకూ ఇది కొత్త కాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఎన్ని ఇళ్ల పిల్లలు పోయారో మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అయినా ఈ మాట ఇంకా ప్రచారంలో ఉందంటే నాకు బాధా కోపమూ రెండూ వస్తాయి.

దీనికి తోడు ఇంకో పొరపాటు నమ్మకం ఉంది: ఆ ప్రవాహం మనిషిని అడుక్కి లాగేస్తుందని. లాగదు. పైపైనే లోపలికి తీసుకుపోతుంది. మనిషిని ముంచేది భయం, ఒడ్డుకేసి చేసే ఎదురీత, దానివల్ల వచ్చే అలసట. చిక్కుకున్నప్పుడు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలబెట్టుకోవాలి. చెయ్యెత్తి కేక వెయ్యాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదితే ఆ కాలువలోంచి బయటపడతారు. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడబోయి దూకకూడదు. తేలే వస్తువేదైనా విసరాలి, లైఫ్‌గార్డును పిలవాలి. ఒకరి కోసం దూకి ఇద్దరు పోయిన సందర్భాలు మన తీరంలోనే ఉన్నాయి.

అపోహ: రేవు పక్క బీచ్ నాసిరకం, అసలైనది ఎంతో దూరాన దాక్కుని ఉంటుంది.

బార్బడోస్ కరీబియన్ దీవులన్నిటికీ తూర్పు కొసన ఉంది. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వీస్తుంది. తూర్పు ఒడ్డుకూ ఆఫ్రికాకూ నడుమ అట్లాంటిక్ తప్ప అడ్డేమీ లేదు. వేల కిలోమీటర్లు గాలి తరుముకొచ్చిన అల మొదట తగిలేది బత్‌షెబా ఒడ్డునే. అక్కడి సూప్ బౌల్ అనే చోటుకు ప్రపంచం నలుమూలల నుంచీ సర్ఫింగ్ చేసేవాళ్లు వస్తారు. వాళ్లకు ఆ అల కావాలి. మనవరాలిని ఎత్తుకుని నీళ్లలో కాళ్లు తడుపుకుందామనుకునే అమ్మమ్మకు అక్కరలేదు. ఆగ్నేయాన క్రేన్ బీచ్ ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో, అలల విషయంలో అంత జాగ్రత్తగా ఉండాల్సిన చోటు.

పడమటి ఒడ్డు గాలి చాటు. దీవి మొత్తం దానికి గోడలా అడ్డు నిలబడుతుంది. ఓడరేవు బ్రిడ్జ్‌టౌన్ ఆ చాటునే, నైరుతి మూల ఉంది. ఇది కాకతాళీయం కాదు. కాకినాడ వాళ్లకు ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. హోప్ ఐలాండ్ అడ్డు ఉండబట్టే వాళ్ల రేవు నిమ్మళంగా ఉంటుంది. ఓడ ఎప్పుడూ చాటు వెతుక్కుంటుంది. గ్రాండ్ కేమన్‌లో జార్జ్‌టౌన్ పడమటి ఒడ్డునే ఉంది, ప్రసిద్ధమైన సెవెన్ మైల్ బీచ్ దాని పక్కనే. కోసుమెల్‌లో ఓడలు ఆగేది పడమట, ఈతకు ప్రమాదమైన ఒడ్డు తూర్పున. అరూబా ఒరాన్యెస్టాడ్, డొమినికా రోజో, సెయింట్ లూసియా క్యాస్ట్రీస్, ఇవన్నీ గాలి చాటు వైపువే. ఓడకు చాటు దొరికిన చోటే ఈత రానివాళ్లకూ చాటు. కరీబియన్‌లో చాలా రేవుల్లో మంచి బీచ్ పది ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటుంది.

బ్రిడ్జ్‌టౌన్‌లోనే చూడండి. రేవు నుంచి కార్లైల్ బేకు టాక్సీలో పది నిమిషాలు. నడక అలవాటున్నవాళ్లు నడిచీ పోవచ్చు. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ కూడా ఆ చుట్టుపక్కలే. కార్లైల్ బే వంపు తిరిగిన అఖాతం. తెల్లని ఇసుక, నీళ్లలో సముద్రపు తాబేళ్లు. అడుగున మునిగిన పాత ఓడలు ఈతగాళ్లకు కనిపించేటంత లోతులోనే ఉన్నాయి. రేవుకు ఉత్తరంగా బ్రాండన్స్ బీచ్ ఇంకా దగ్గర. ఇంకాస్త పైకి పోతే పేన్స్ బే, మల్లిన్స్. బత్‌షెబాకు దీవిని అడ్డంగా దాటి సుమారు 20 కిలోమీటర్లు పోవాలి. ఓడ రేవులో ఆగే కొద్ది గంటల్లో చాలా సేపు రోడ్డు మీదే కరిగిపోతుంది.

బత్‌షెబాకు అసలు పోవద్దని నేననడం లేదు. పుట్టగొడుగుల్లా నిలబడ్డ ఆ పెద్ద రాళ్లు చూసి తీరాల్సినవే. చూడండి, ఫొటోలు తీసుకోండి, ఒడ్డున కూర్చోండి. సముద్రంలోకి మాత్రం దిగకండి.

గాలి చాటు అన్నాను కదా అని అక్కడ గుడ్డిగా దిగిపోవడమూ పొరపాటే. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ తుఫాన్ల నుంచి వచ్చే పెద్ద అలలు ఒక్కోసారి పడమటి ఒడ్డునూ కొడతాయి. 2024 జూలై మొదట్లో బెరిల్ హరికేన్ దక్షిణంగా పోతూ పోతూనే అలలతో బ్రిడ్జ్‌టౌన్ జాలర్ల పడవలను ధ్వంసం చేసింది. ఏ రోజుకారోజు ఒడ్డున జెండా చూడాలి. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. దాని మీద చర్చ అక్కర్లేదు.

అపోహ: ఈత రాకపోయినా గాలి ట్యూబు ఉంటే చాలు.

ఇది ఆ సలహాలో లేదు కానీ, చాలామంది నమ్మే ఈ మాట గాలి చాటు ఒడ్డున ఇంకా ప్రమాదం. ఎందుకంటే అక్కడ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, పిల్లవాడు ట్యూబులో హాయిగా కూర్చుని ఉంటాడు, మనం ఫోన్ చూసి తలెత్తేసరికి వాడు యాభై గజాల అవతల ఉంటాడు. ట్యూబు ఆటవస్తువు. పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్ తొడగండి, చేతికి అందేంత దూరంలో మీరుండండి.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఉప్పునీళ్లలో మనిషి మునగడన్నది అబద్ధం. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతమే బరువు. మృత సముద్రం సంగతి వేరు.

నల్లటి ఒంటికి సన్‌స్క్రీన్ అక్కర్లేదన్నదీ అబద్ధమే. భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలో ఉన్న మధ్యాహ్నపు ఎండ మన ఒంటినీ కాలుస్తుంది.

పెద్ద హోటళ్ల ముందు బీచ్ వాళ్ల సొంతం కాదు. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. కుర్చీలూ గొడుగులూ మాత్రం అద్దెకు తీసుకోవాలి.

ఒడ్డున పేరుకున్న గోధుమరంగు నాచు మురికి కాదు. అది సార్గాసమ్. 2011 నుంచి కరీబియన్‌కు పెద్దఎత్తున కొట్టుకొస్తోంది, ఎక్కువగా తూర్పు ఒడ్డులకే. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. బీచ్ ఎంచుకునేటప్పుడు అడిగి తెలుసుకోండి.

ఏ చెట్టు నీడైనా ఒకటే అనుకోకండి. బార్బడోస్ ఒడ్డున మాంచినీల్ చెట్లున్నాయి. వాటి పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వాన పడుతుంటే దాని కింద నిలబడ్డా అంతే. చిన్న ఆపిల్‌లా పచ్చగా ఉండే కాయ రాలి ఉంటుంది. రేగుపళ్లు ఏరుకున్నట్టు మన పిల్లలు ఏరుకోగలరు. నోట్లో పెట్టుకుంటే గొంతు కాలిపోతుంది. ఎర్ర గీతో, హెచ్చరిక బోర్డో ఉన్న చెట్టు దరికి పోకండి. ఏ గుర్తూ లేకున్నా తెలియని కాయ ముట్టుకోనివ్వకండి.

అపోహ: ఓడ కంపెనీ అమ్మే యాత్రే కొనాలి, లేకపోతే ఓడ వదిలేసి పోతుంది.

ఈ భయం చూపించి పది నిమిషాల దూరంలోని బీచ్‌కు కూడా జనం చేత ఎక్కువ డబ్బు పెట్టిస్తారు. నాకిది నచ్చదు. కార్లైల్ బేకు పోవడానికి ఏ యాత్రా కొనక్కర్లేదు. అయినా ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ఓడవాళ్ల సొంత యాత్ర ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. మీరు మాట్లాడుకున్న టాక్సీ ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే పోవాలి. కాబట్టి దీవి అవతలి ఒడ్డు చూడాలనుకుంటే, ముసలివాళ్లు వెంట ఉంటే, ఓడవాళ్ల యాత్ర కొనడమే తెలివి.

టైం విషయం కూడా చూసుకోండి. బార్బడోస్‌లో ఏడాది పొడవునా ఒకటే సమయం. చలికాలంలో మయామిలో బయల్దేరిన ఓడ గడియారానికీ దీవి గడియారానికీ గంట తేడా ఉండొచ్చు. ఫోన్ దానంతటదే మారిపోతుంది. ఓడ దిగే ముందు ఓడ టైం ఎంతో అడిగి, చేతి గడియారంలో పెట్టుకోండి. ఎక్కాల్సిన సమయానికి గంట ముందే రేవులో ఉండండి. టాక్సీ ఎక్కేముందే కిరాయి మాట్లాడుకోండి, అది అమెరికన్ డాలర్లో బార్బడోస్ డాలర్లో తేల్చుకోండి. ఒక అమెరికన్ డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు. మిలటరీవాళ్లు వేసుకునే మచ్చల బట్టలు (కామోఫ్లాజ్) పిల్లలకు కూడా వేయకండి, అక్కడి చట్టం ఒప్పుకోదు.

బీచ్ ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి మూడే ప్రశ్నలు. గాలి ఎటు నుంచి వీస్తోంది? లైఫ్‌గార్డు ఉన్నాడా? మాలో అందరికన్నా ఈత తక్కువ వచ్చినవాళ్లు ఎవరు? మూడో ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి బీచ్ ఎంచుకోండి. అందరికన్నా బాగా ఈదేవాణ్ని చూసి ఎంచుకోకండి. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి నీళ్లు చూడండి. అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, నురగ ఎటు పోతోంది అన్నది ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఆ సలహా మీ ఫోన్‌కూ రావచ్చు. వస్తే తుడిచేసి ఊరుకోకండి. పంపినవాళ్లకు ఫోన్ చేసి తప్పని చెప్పండి. మా మేనల్లుడు ఇంటికి చేరిన రోజే తన గ్రూపులో జరిగిందంతా రాశాడు. ఆ వారంలోనే క్రూజ్ ఎక్కబోతున్న ఇంకో కుటుంబం దాన్ని చదివి, తూర్పు ఒడ్డుకు మాట్లాడుకున్న టాక్సీ మానుకుని కార్లైల్ బేకు పోయింది. వాళ్ల పిల్లలు అక్కడ నీళ్లలో తాబేలును చూశారట. ఆ ఫొటోను మా అక్క ఫోన్‌లో దాచుకుంది.