టెలివిజను తనంతట తానే ఆగిపోవుట ఎందుకు?

ఇంటిల్లిపాది కూర్చుండి క్రికెట్టు ఆట చూచుచుండగా టెలివిజను చటుక్కున ఆగిపోవును. మరల మీట నొక్కినచో వెలుగును. కొంతసేపటికి మరల ఆగిపోవును. ఇట్టి సమయమున సాధారణముగా రెండు పనులలో ఒకటి జరుగును. పెట్టె వెనుక అరచేతితో చరచుట ఒకటి. మెకానిక్కును పిలిచి, 'బోర్డు పోయినది' అని అతడు చెప్పగా నమ్మి వేల రూపాయలు చెల్లించుట రెండవది. ఈ రెంటికిని ముందు చేయదగిన పని మరియొకటి కలదు. సెట్టు పెట్టిన ఎన్ని నిమిషములకు ఆగినది? ఆగిన క్షణమున ముందుభాగముననుండు చిన్న ఎఱ్ఱదీపము వెలుగుచున్నదా, ఆరినదా? ఈ రెండు సంగతులను నాలుగైదు మారులు కాగితముపై వ్రాసికొన్నచో, పెట్టె మూత విప్పకుండగనే సగము రోగనిర్ణయము జరుగును.

ఎఱ్ఱదీపమునకు ఇంత ప్రాముఖ్యము ఎందుకో చూతము. నేటి టెలివిజను, ప్లగ్గు సాకెట్టులో ఉన్నంతవరకు, పూర్తిగా నిద్రపోదు. రిమోటు నుండి వచ్చు పరారుణ కిరణములను కనిపెట్టుటకై అందులో ఒక చిన్న భాగము ఎల్లవేళల మేలుకొని యుండును. అది మేలుకొని యున్నదనుటకు గుర్తే ఈ దీపము. టెలివిజను ఆగినపుడు దీపము వెలుగుచున్నదన్న, ఇంటి కరెంటు సరిగానే వచ్చుచున్నది, ఎవరో 'ఆగుము' అని ఆజ్ఞ ఇచ్చిరి అని అర్థము. దీపము కూడ ఆరినచో కరెంటే సెట్టులోనికి పోవుటలేదు, లేదా సెట్టులోని విద్యుత్సరఫరా భాగమే కూలినది. (కొన్ని సెట్లలో ఈ దీపము వెలుగకుండ అమర్చుకొను సదుపాయము కలదు. అట్లు అమర్చియున్నచో ముందుగా దానిని మార్చుకొనవలెను.)

ఆజ్ఞ ఇచ్చినవారు ఎవరు? పలుమారులు మనమే. నిద్రవేళకు ఆగునట్లు పెట్టిన గడువు మరచిపోవుట అందరికిని తెలిసినదే. దీనికి తోడు, సంకేతము రానిచో పది పదునైదు నిమిషములలో ఆగిపోవు ఏర్పాటు చాల సెట్లలో నున్నది. ఇంకొకటి అంతగా తెలియనిది. చివరిసారి మీట నొక్కిన తరువాత నాలుగు గంటలకు మించకుండ టెలివిజను తనంతట తాను ఆగవలెనని ఐరోపా సమాజము 2009లో ఒక నిబంధన చేసెను. విద్యుత్తు వృథా కాకుండుటయే దాని ఉద్దేశము. ప్రపంచమంతటికిని ఒకే నమూనాతో సెట్లు తయారగుచుండుటచే ఇట్టి ఏర్పాటు మన యిండ్లలోని పెక్కు సెట్ల అమరికలలోను కనబడును. కనుక కాగితముపై ప్రతిమారును ఒకే అంకె, ఉదాహరణకు సరిగా నాలుగు గంటలు, పడినచో అది జబ్బు కాదు, అమరిక. జబ్బులు గడియారము చూచుకొని రావు.

రెండవ ఆజ్ఞాపకుడు సెట్‌టాప్ బాక్సు. బాక్సునకును టెలివిజనునకును నడుమ నున్న హెచ్.డి.ఎం.ఐ. తీగ కొనయందు 19 మొనలు కలవు. అందు పదమూడవ మొన బొమ్మను గాని ధ్వనిని గాని తీసికొనిపోదు. ఒక యంత్రము మరియొక యంత్రమునకు 'లెమ్ము, ఆగుము' అని చెప్పుటకే అది ఉన్నది. బాక్సు ఆగినపుడు ఈ త్రోవన టెలివిజను కూడ ఆగవచ్చును. ఆ తీగ ఊడదీసి ఒక పూట చూచినచో విషయము తేలును.

మూడవది రిమోటు. టీ ఒలికియో, రబ్బరు జిగటపడియో మీట అతుకుకొన్నచో అది తనంతట తానే సంకేతములు పంపుచుండును. పరారుణ కిరణములు కంటికి కానరావు గాని, చాల సెల్‌ఫోనుల కెమేరాకు కనబడును. రిమోటు ముక్కును కెమేరాకు ఎదురుగా పట్టుకొని, మీట నొక్కకుండగనే వెలుగు మినుకుమినుకుమన్నచో దొంగ దొరికినట్లే. ఇది తరగతిలో చూపదగిన ప్రయోగము కూడ. కెమేరా లేనివారు రిమోటులోని బ్యాటరీలు తీసివేసి ఒక దినము చూడవచ్చును. టెలివిజను అంచుననుండు మీట విషయమున కూడ, ముఖ్యముగా గోడ చెమ్మగిల్లిన యిండ్లలో, ఇట్టి అనుమానమే పడవలెను.

ఇక ఎఱ్ఱదీపము కూడ ఆరిపోవు సందర్భము. ముందుగా ప్లగ్గును, సాకెట్టును చూడవలెను. ప్లగ్గు మొనలపై నలుపుగాని, సాకెట్టు చుట్టు ప్లాస్టిక్కు కరిగిన గుర్తుగాని యున్నచో అక్కడ స్పర్శ సరిగా లేక నిప్పురవ్వలు పుట్టుచున్నవని తెలియవలెను. ఇది టెలివిజను సమస్య కాదు, అగ్నిప్రమాదపు సమస్య. ఆ సాకెట్టును మార్పించువరకు వాడరాదు. స్టెబిలైజరు ఉన్నచో దానిని కూడ అనుమానింపవలెను. నేటి సెట్లు చాల వాని వెనుక '100 - 240 వోల్టులు' అని ముద్రించియుండును. అనగా 230 వోల్టులు 170కి దిగినను సెట్టు నడచును. స్టెబిలైజరు మాత్రము, తనకు నిర్ణయించిన హద్దు దాటగనే సరఫరాను త్రెంచివేయును. కాపలావాడే తలుపు మూసి, దొంగ వచ్చెనని మనచే అనిపించును.

వోల్టేజి క్షణకాలము పడిపోవుట వేరు సంగతి. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవచ్చును. మనకు వచ్చు ఏకాంతర విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. దీని శిఖర విలువ 230ని 1.414చే గుణించగా వచ్చు 325 వోల్టులు. సెట్టులోని సరఫరా భాగము దీనిని ఏకముఖము చేసి, ఒక పెద్ద కెపాసిటరులో నింపును. పాతకాలపు రేడియో మెకానిక్కులు కండెన్సరు అనునది దీనినే. దాని కెపాసిటీ 100 మైక్రోఫారడులు అనుకొందము. అందు నిలువయుండు శక్తి, కెపాసిటీని వోల్టుల వర్గముచే గుణించి సగము చేయగా, సుమారు 5.3 జౌళ్లు. సెట్టు సెకనుకు 100 జౌళ్లు, అనగా 100 వాట్లు, వాడుకొనునదైనచో, అందు సగము శక్తి ఉపయోగపడినను సెకనులో నలుబదవ వంతు కాలము అది కరెంటు లేకుండ నడచును. ఒక ఆవృత్తి పట్టు కాలము సెకనులో ఏబదవ వంతే గదా. కనుక ఒక పూర్తి ఆవృత్తి తప్పిపోయినను బొమ్మ చెదరదు. ఇంటిలో దీపము ఒక్కసారి రెప్పవేసినను టెలివిజను నిశ్చింతగా నడచుటకు కారణమిదే.

ఈ కెపాసిటరు ముసలిదై, దాని కెపాసిటీ నాలుగవ వంతునకు దిగినచో ఏమగును? మా వీధిలో ఒక యింట టెలివిజను ప్రతి సాయంకాలము ఆగుచుండెను, పగలు ఎన్నడును ఆగలేదు. వారు వ్రాసికొన్న వేళలను పరికింపగా, మేడమీది నీళ్లతొట్టి నింపుటకై మోటారు వేయు వేళలతో అవి సరిపోయినవి. మోటారు కదలునపుడు తన మామూలు ప్రవాహమునకు ఐదారు రెట్లు లాగికొనును. ఆ క్షణమున ఇంటి వోల్టేజి క్రుంగును. క్రొత్త సెట్టు దానిని లెక్కచేయదు, ముసలి కెపాసిటరు గల సెట్టు తట్టుకొనలేదు. మోటారు నేరము సగము, కెపాసిటరు నేరము సగము.

ఈ కెపాసిటరు ముసలిది అగుట ఎట్లో తెలిసికొన్నచో మిగిలిన కథ చాలవరకు తెలియును. ఒక అల్యూమినియం రేకుపై అతిపలుచని ఆక్సైడు పొర ఉండును. ఆ రేకును, మరియొక రేకును, నడుమ విద్యుద్విశ్లేష్య ద్రవములో నానిన కాగితముతో కూడ చుట్టగా చుట్టి అల్యూమినియం డబ్బీలో మూయుదురు. వేడికి ఆ ద్రవము రబ్బరు మూతగుండ మెల్లమెల్లగా ఆవిరియై పోవుచుండును. లోపల వాయువు పుట్టి డబ్బీ నెత్తి ఉబ్బును. ప్రేలకుండుటకై నెత్తిపై గాట్లు పెట్టియుందురు. చదునుగా నుండవలసిన నెత్తి ఉబ్బినచో ఆ కెపాసిటరు పని అయిపోయినదే. ఉబ్బకయే ఎండిపోవునవియు కలవు.

ఇంజనీర్లు వాడు ఒక మోటు సూత్రము ప్రకారము ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన కొలది ఈ కెపాసిటరుల ఆయువు రెట్టింపగును. 105 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 2,000 గంటలు మన్నునని ముద్రవేసిన కెపాసిటరు 75 డిగ్రీల వద్ద 16,000 గంటలు, 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు మన్నును. దినమునకు ఆరు గంటలు చూచువారి యింట మొదటిది ఏడేండ్లకు పైగా, రెండవది పదునాలుగేండ్లకు పైగా వచ్చును. నడుమ భేదము 10 డిగ్రీలే. గాలిరంధ్రములపై దుమ్ము, వెనుక వ్రేలాడు అలంకారపు గుడ్డ, ఇరుకైన షోకేసు గూడు - వీనిలో ఏదైనను ఆ 10 డిగ్రీలు తెచ్చిపెట్టగలదు. బల్లులు, బొద్దింకలు వెచ్చదనము కొరకు లోనికి దూరుట మన యిండ్లలో క్రొత్త కాదు. వాని మలమూత్రములు బోర్డుపై తీగలను కలిపివేయుటయు కలదు.

ఇప్పుడు కాగితముపై వ్రాసికొన్న నిమిషములు పనికివచ్చును. మొదటిసారి నలుబది నిమిషములు, వెంటనే మరల పెట్టగా పదునైదు, తరువాత ఐదు: ఇట్లు తగ్గుచు వచ్చి, గంటసేపు చల్లారనిచ్చిన పిమ్మట మరల నలుబది అయినచో అది వేడి వలన కలిగినది. దీనికి ఎదురుగా, ఉదయము చల్లగా ఉన్నపుడు మూడు నాలుగు మారులు ఆగి, ఆ తరువాత రాత్రివరకు చక్కగా నడచు సెట్లు కలవు. ఇది ఎండిన కెపాసిటరు లక్షణము. మిగిలిన కొద్ది ద్రవము వేడెక్కినపుడు విద్యుత్తును మెరుగుగా ప్రసరింపజేయును, కనుక ముసలి కెపాసిటరు వేడిలో కొంత కోలుకొనును. చరచినపుడు మేలుకొను సెట్టులో సాధారణముగా సోల్డరు అతుకు చిట్లియుండును. వేడికి వ్యాకోచించుట, చల్లారి సంకోచించుట, ఇట్లు వేల మారులు జరుగగా అతుకులో వెండ్రుకవాసి బీట పడును. చరుపు ఆ బీటను క్షణకాలము కలుపును. పలుచని నేటి తెరను చరచినచో తెరయే పగులును, జాగ్రత్త.

ఇక రెండు సెకనులలో ఆగిపోవు సెట్టు. మీట నొక్కగనే ధ్వని వచ్చి, తెర ఒక్కసారి మెరసి, అంతా ఆగును. పెండ్లి పందిటిలో కట్టు సీరియలు బల్బులను చూచినవారికి ఇది సులభముగా అర్థమగును. తెర వెనుక వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. దీపములను గూడ అట్లే శ్రేణిలో కలిపియుందురు. ఒకటి తెగినచో ఆ వరుస అంతయు ఆరును. ప్రవాహము పోవుటలేదని గ్రహించిన బోర్డు వోల్టేజిని పెంచి చూచును. హద్దు దాటగనే రక్షణ వలయము కలుగజేసికొని అంతటిని ఆపివేయును. ఆగుటకు ముందుగాని, చీకటి తెరతో ధ్వని వచ్చుచుండగాగాని, టార్చిలైటును తెరపై ఏటవాలుగా వేసి చూడుడు. మసకగా బొమ్మ కనబడినచో బొమ్మను తయారుచేయు భాగమంతయు బాగున్నది, దీపములే పోయినవి. 'మెయిన్ బోర్డు మార్చవలె'నన్న మాటను అప్పుడు ప్రశ్నింపవచ్చును.

ఈ రక్షణ వలయమునకు ఒక చరిత్ర కలదు. వెనుకటి గాజుగొట్టపు రంగుల టెలివిజనులో ఎలక్ట్రానులను తెరవైపునకు లాగుటకు 25,000 వోల్టుల ప్రాంతమున పీడనము అవసరమయ్యెను. అంతటి వేగముతో పోవు ఎలక్ట్రానులు లోహమును గాని గాజును గాని తాకినచో ఎక్స్-కిరణములు పుట్టును. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి రంగుల సెట్లు సుమారు 90,000 మితిమీరిన ఎక్స్-కిరణములను వెలువరించుచున్నవని బయటపడి పెద్ద అలజడి కలిగినది. మరుసటి యేడు, 1968లో, ఆ దేశమున వికిరణ నియంత్రణ శాసనము వచ్చెను. సెట్టు ఉపరితలమునకు 5 సెంటీమీటర్ల దూరమున గంటకు 0.5 మిల్లీరాంట్జెన్‌కు మించరాదని హద్దు ఏర్పడినది. తరువాతి సెట్లలో, ఒక కెపాసిటరు చెడి పీడనము హద్దు మీరినచో సెట్టే ఆగిపోవు ఏర్పాటు వచ్చినది. 'ఊరక ఆగిపోవుచున్నద'ని ఆ రక్షణ తీగను త్రెంచి సెట్టును నడిపించినచో యజమానికి బొమ్మ దక్కును, ఎక్స్-కిరణములును దక్కును.

నేటి పలుచని తెరలలో అంతటి పీడనము గాని, ఆ కిరణముల భయము గాని లేదు. కాని రక్షణ వలయమును తప్పించి సెట్టును నడిపించు 'మరమ్మతు' మాత్రము ఇంకను అక్కడక్కడ జరుగుచున్నది. తీగ త్రెంచుట నిమిషములో అగు పని, మూలకారణమును వెదకుట గంటల పని. అట్లు నడిపించిన సెట్టులో చెడిన భాగము ఆగక వేడెక్కుచుండును. రక్షణను తీసివేసితిరా అని మెకానిక్కును సూటిగా అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

మూత విప్పుట విద్యార్థులు చేయదగిన పని కాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ పైన లెక్కించిన 325 వోల్టులు కెపాసిటరులో కొంతసేపు నిలిచియుండవచ్చును. పాత గాజుగొట్టములో అయితే వేల వోల్టులు దినముల తరబడి నిలుచుటయు కలదు. ప్లగ్గు ఊడదీసి, వెనుక రంధ్రములపై దుమ్మును మెత్తని కుంచెతో బయటినుండియే తుడుచుట, గోడకు సెట్టునకు నడుమ జానెడు జాగా ఇచ్చుట, వేరొక గదిలోని సాకెట్టుపై స్టెబిలైజరు లేకుండ ఒక పూట నడిపి చూచుట, ఇంతవరకు ఎవరైనను చేయవచ్చును. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. తీగ, సాకెట్టు, రిమోటు మూడును ఒకేసారి మార్చినచో సెట్టు బాగుపడినను, దేనివలన బాగుపడినదో తేలదు.

కొన్ని సెట్లు ఆగిన తరువాత ఎఱ్ఱదీపమును లెక్కగా మినుకుమనిపించును: మూడుసార్లు, విరామము, మరల మూడుసార్లు. అది రక్షణ వలయము చెప్పు గుర్తు. ఏ అంకెకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారును గాని, ఆ అంకెను మెకానిక్కుతో చెప్పినచో అతని వెదుకులాట తగ్గును. కెపాసిటరు మార్చునపుడు వోల్టుల అంకె పాతదానికి తక్కువ కాకుండ, కెపాసిటీ అంతే ఉండునట్లు, 85 డిగ్రీలది కాక 105 డిగ్రీలది వేయుమని అడుగవలెను. ఈ మూడంకెలును డబ్బీ ప్రక్కన ముద్రించియే యుండును.