బొమ్మరింటికి మూలమట్టము

విండ్సర్ కోటలోని మేరీ రాణి బొమ్మరిల్లు 1924లో పూర్తియైనది. అందు సమస్తమును అడుగునకు అంగుళము వంతున కుదించిరి. అదే కొలతతో మనము చేయు బొమ్మబీరువాలో ఒక్క మిల్లీమీటరు వంకర, నిజమైన బీరువాలో పన్నెండు మిల్లీమీటర్ల వంకరతో సమానము. ఇక తలుపు పడదు!

జిగురు ఆరువరకు ముక్కలను చేతితో పట్టుకొనుట వ్యర్థమని మా అభిప్రాయము. ఎంతటివారికైనను చేయి కదలక మానదు. చదునైన పలకపై రెండు కఱ్ఱబద్దలను మూలమట్టమున కానించి, లంబముగా మేకులు కొట్టవలెను. ఆ మూలలో మైనపుకాగితము పరచినచో జిగురు పలకకు అంటదు. ముక్కలను బద్దల కానించి, చిన్న బరువుల నుంచవలెను. అతిగా బిగించినచో చట్రమే వంగును. ఇనుపపళ్ళెము, అయస్కాంతములు గలవారికి పని మరింత సులువు.

జిగురు తడిగా నుండగనే ఎదురెదురు మూలల నడుమ దూరములు రెండును కొలువవలెను. అవి సమానము కానిచో, ఎక్కువ దూరమున్న మూలలను మెల్లగా లోనికి నొక్కవలెను.